గ్రాండ్ కాన్యన్‌లోకి మూడు రోజుల నడక: వైజాగ్‌లో ఉండగానే ఎలా సిద్ధమవ్వాలి?

మన కొండలది ఒక మర్యాద. కష్టం ముందు పెట్టి, సుఖం చివర ఇస్తాయి. సింహాచలం మెట్లు ఎక్కలేకపోతే సగం నుంచే దిగి వచ్చేయొచ్చు. అమెరికాలోని అరిజోనాలో ఉన్న గ్రాండ్ కాన్యన్ లోయ మాత్రం బోర్లించిన కొండ. ముందు హాయిగా దిగిపోతాం, కాళ్లు అలిసిపోయాక ఎక్కాలి. అందుకే ప్లాన్ చివరి రోజు నుంచి వెనక్కి వేసుకోవాలి.

1. రోజులు, దారి

దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తు. అడుగున పారే కొలరాడో నది 750 దగ్గర ఉంటుంది. తిరుగు దారిలో అంత ఎత్తూ ఎక్కాల్సిందే. ఒక్క రోజులో నది దాకా వెళ్లి రావద్దని పార్కు వాళ్లే హెచ్చరిస్తారు.

మొదటి రోజు సౌత్ కైబాబ్ దారిలో 11 కిలోమీటర్లు దిగి, నది దగ్గర బ్రైట్ ఏంజెల్ క్యాంపులో పడుకోండి. రెండో రోజు బ్రైట్ ఏంజెల్ దారి పట్టి 8 కిలోమీటర్లు ఎక్కితే హవసుపాయ్ గార్డెన్స్ క్యాంపు. మూడో రోజు మిగిలిన ఏడు కిలోమీటర్లు. దిగిన దారినే ఎక్కుదామనుకోకండి. సౌత్ కైబాబ్‌లో నీళ్లు ఉండవు, నీడా పెద్దగా దొరకదు.

2. నెల, పర్మిట్

పిల్లల్ని చూడ్డానికి మనవాళ్లు అమెరికా వెళ్లేది ఎక్కువగా మే, జూన్‌లలో. ఈ నడకకు అదే చెడ్డ కాలం, అడుగున 40 డిగ్రీలు దాటేస్తుంది. అక్టోబరు గానీ ఏప్రిల్ గానీ మేలు.

లోపల టెంట్ వేసుకోవాలంటే పర్మిట్ తప్పనిసరి. దానికి లాటరీ సుమారు నాలుగు నెలల ముందే మొదలవుతుంది. రెండు మూడు తేదీలు చేతిలో పెట్టుకుని అప్లై చేయండి. పర్మిట్ వచ్చాకే విమానం టికెట్ కొనండి.

3. సింహాచలంలో ప్రాక్టీసు

తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు మెట్లెక్కండి. బ్యాగులో మొదట ఐదు కిలోల బియ్యం, నెల తర్వాత పది కిలోలు. అందరూ ఎక్కడం మీదే దృష్టి పెడతారు గానీ మోకాళ్లను తినేసేది దిగడం. బస్సులో కాకుండా నడిచే దిగండి. 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసిన కాళ్లకు దూరం భయం ఉండదు, బరువుతో దిగడం మాత్రం వేరే విద్య.

బూట్లు కూడా ఈ మెట్ల మీదే అరగాలి. సరిగ్గా పట్టే సైజు కొని నేను బొటనవేలి గోరు పోగొట్టుకున్నాను. అర సైజు పెద్దది తీసుకోండి, బయల్దేరే ముందు గోళ్లు కత్తిరించుకోండి.

4. నీళ్లు, ఉప్పు

వైజాగ్ వాళ్లం మోసపోయేది ఇక్కడే. మనకు చొక్కా తడిస్తే చెమట పట్టినట్టు లెక్క. అక్కడి పొడి గాలిలో చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒళ్లు ఎండిపోతున్న సంగతి తెలియదు. అలాగని ఒట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. అది ప్రాణం మీదకే తెస్తుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉప్పు వేరుశనగలు, కారప్పూస జేబులోనే ఉంచుకుని గంటకోసారి నోట్లో వేసుకోండి. మొదటి రోజు కనీసం నాలుగు లీటర్లు మోయాలి.

దారిలో కుళాయిలు ఉన్నా, పైప్‌లైన్ పగిలి ఆగిపోతుంటాయి. ముందు రోజు పార్కు ఆఫీసులో అడగండి, ఫిల్టర్ కూడా పెట్టుకోండి. ఎండలో చొక్కా నీళ్లలో ముంచి వేసుకుంటే భలే చల్లగా ఉంటుంది. మన ఉక్కపోతలో ఈ చిట్కా పనిచేయదు!

5. క్యాంపులో

తిండి బ్యాగులో వదిలేస్తే ఉడతలు, ఎలుకలు కొరికేస్తాయి. అక్కడ ఇచ్చే ఇనుప పెట్టెల్లో పెట్టండి.

చివరి రోజు తెల్లవారకముందే తలలైటు పెట్టుకుని కదలండి. దిగిన సమయానికి రెట్టింపు లెక్కేసుకోండి. పదింటికల్లా పైకి చేరలేకపోతే నీడ చూసుకుని కూర్చోండి, ఎండ తగ్గాకే లేవండి.