సోఫాలో ఉచ్చ వాసన: గుడ్డ కడిగితే పోదు, స్పాంజి దాకా పోవాలి

సోఫా క్లీనింగ్‌లోకి కొత్తగా దిగినవాళ్ళు చాలామంది షాంపూ రుద్ది, సెంటు కొట్టి, డబ్బులు తీసుకుని వచ్చేస్తారు. వానలు పట్టగానే ఆ ఇంటి నుంచి ఫోను. ఎందుకంటే మూత్రంలోని యూరిక్ యాసిడ్ ఎండి పలుకు కడుతుంది, మామూలు నీళ్ళకు సరిగ్గా కరగదు, గాలిలో తేమ పెరిగితే వాసన మళ్ళీ లేస్తుంది. నెల్లూరు, కావలి, సింగరాయకొండ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురే కదా, తేమకు కొదవేముంది.

ముందు చోటు పట్టుకోండి. లైట్లు ఆర్పి యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేస్తే మరక మెరుస్తుంది. సబ్బు మరకలు కూడా మెరుస్తాయి, కాబట్టి ముక్కు పెట్టి చూడక తప్పదు. తర్వాత సోఫాను బోర్లించి, అడుగున పిన్నులు కొట్టిన నల్లగుడ్డ ఒక మూల విప్పండి. చెక్క మీద చార కనబడిందంటే ఉచ్చ స్పాంజి దాటి కిందికి దిగిందన్నమాట.

మందు ఎంజైమ్ క్లీనరే, అంటే మరకలోని పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైములున్న ద్రావణం. పైన నాలుగు చుక్కలు చల్లితే పని జరగదు, ఉచ్చ ఎంత లోతుకు పోయిందో మందూ అంత లోతుకు పోవాలి, అందుకే స్పాంజి తడిసేదాకా పోసి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పి, డబ్బా మీద రాసినంతసేపు వదిలేయాలి. సలసలా కాగే నీళ్ళు, ఫినాయిల్ దాని జోలికి రానివ్వకండి, ఎంజైమ్ చచ్చిపోతుంది. బ్లీచింగ్ అసలే వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది. మనూళ్ళో వడ్రంగి చేసిన సోఫాలకు ఎలా కడగాలో చెప్పే లేబుల్ ఉండదు, వెనక మూల తెల్లగుడ్డతో తడిపి రుద్ది, రంగు దిగడం లేదని తేలాకే మొదలుపెట్టండి.

తర్వాత మంచినీళ్ళు కొట్టి, తడిని లాగే వాక్యూమ్ మెషీన్‌తో పీల్చేయండి. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే ఆరాక తెల్లచారలు తేలతాయి, క్యాన్ నీళ్ళు వాడండి. మెత్తలు నిలబెట్టి ఫ్యాను పెట్టండి, లోపల తడి మిగిలితే ముక్కిన వాసన అదనం.

మంచాన పడ్డ పెద్దాయన నెలల తరబడి తడిపిన దివాన్ అయితే మాత్రం బేరం మొదలుకాకముందే చెప్పేయండి: "అమ్మా, దీనికి స్పాంజి మార్చడమే చవక."