కడుపుతో ఉన్నప్పుడు విటమిన్ డి తక్కువని వస్తే ఏం చేయాలి

రిపోర్టులో 11 అని చూసి టెన్షన్ పడకండి, మన దగ్గర ఇది ఇంటింటి కథే. ముందు అంకె పక్కన ఏముందో చూడండి. ఎంఎల్‌కి నానోగ్రాముల్లో అయితే 20 లోపు ఉంటే లోపం, 12 లోపైతే బాగా తక్కువ. లండన్‌లోనో సిడ్నీలోనో చేయించుకుంటే నానోమోల్స్‌లో ఇస్తారు, అక్కడి 50 మన 20తో సమానం.

లోపం ఎక్కువైతే తొడలు, నడుము లాగుతాయి, కింద కూర్చుని లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తుంది. కడుపుతో ఉంటే నొప్పులు మామూలేగా అని ఇంట్లో తోసేస్తారు, అక్కడే దొరక్కుండా పోతుంది. బిడ్డకు అందే డి అంతా తల్లి నుంచే కాబట్టి తనూ లోటుతోనే పుడుతుంది. ఆ లోటు బాగా ఎక్కువైతే కాల్షియం పడిపోయి పసిబిడ్డకు ఫిట్స్ రావచ్చు, తర్వాత ఎముకలు మెత్తబడే రికెట్స్ రావచ్చు. బీపీ, షుగర్, బిడ్డ బరువు తగ్గడం కూడా దీనివల్లేనని చెబుతుంటారు గానీ, మందు వేసుకుంటే అవి ఆగుతాయని గట్టిగా తేలలేదు.

ఇక అసలు సంగతి, సాచెట్. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ డాక్టర్ రాస్తేనే, రాసినన్ని వారాలే. మా చెల్లి ఐదో నెలలో చీటీ సరిగా చూడకుండా మూడు రోజులు వరసగా రోజుకొకటి పాలల్లో కలుపుకుని తాగేసింది, డాక్టర్ దగ్గర అక్షింతలు పడ్డాయి. అప్పట్నుంచి క్యాలెండర్‌లో ఆదివారాలకి సున్నా చుట్టి, వేసుకున్నాక కొట్టేసేది. మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం మొదలవుతాయి. ఇంకోటి, ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలోనూ కొంచెం డి ఉంటుంది, అదీ డాక్టర్‌కి చెప్పండి. కాల్షియం, ఐరన్ మాత్రలు మాత్రం కలిపి వేసుకోవద్దు, రెండు గంటలైనా ఎడం ఉండాలి.

ఎండ విషయంలో ఒక చిట్కా. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందా, అప్పుడే ఆ ఎండకి చర్మంలో డి బాగా తయారవుతుంది. మన దగ్గర మే నెలలో 9 దాటగానే నీడ పొట్టిదవుతుంది, వడదెబ్బ తగలక ముందే లోపలికి వచ్చేయొచ్చు. డిసెంబర్‌లో అయితే 11 నుంచి 1 మధ్య. చేతులకి, ముఖానికి ఓ ఇరవై నిమిషాలు తగలనివ్వండి, రంగు తక్కువైతే ఇంకాస్త సేపు. అద్దాల కిటికీ దగ్గర కూర్చుంటే ఒళ్లు వేడెక్కుతుందేగానీ డి రాదు.

తిండితో నెట్టుకొస్తానంటే కష్టం, ఒక గుడ్డు పచ్చసొనలో 40 యూనిట్లే, రోజుకి కావాల్సింది 600. పాల ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ (+F, అంటే విటమిన్లు కలిపిన పాలు) గుర్తు ఉంటే కొంత కలిసొస్తుంది.

కాన్పయ్యాక బిడ్డ డ్రాప్స్ మర్చిపోకండి. తల్లిపాలలో డి చాలా తక్కువ, అందుకే ఏడాది నిండేదాకా రోజుకి 400 యూనిట్లు వేయమంటారు. ఒక సీసాలో ఎంఎల్‌కి 400 ఉంటే ఇంకో కంపెనీది 800 ఉంటుంది, అది అర ఎంఎల్ చాలు. సీసా మారినప్పుడల్లా లేబుల్ చదివాకే డ్రాపర్ నింపండి.