పెళ్లికి బయల్దేరే ముందు చెవి మిషన్ సంగతి

నాన్నగారికి హియరింగ్ ఎయిడ్ ఉంటే కారెక్కకముందే ఇవి చూసుకోండి, మండపంలో వెతుక్కుంటే టెన్షనే.

– తలకి నూనె, పౌడరు, సెంటు అన్నీ అయ్యాకే మిషన్ పెట్టాలి. మా ఇంట్లో ఓసారి పౌడరు మైకు రంధ్రంలోకి పోయి, ఆ పూటంతా ఆయన అందరికీ తలూపుతూ కూర్చున్నారు.

– ఎర్ర గుర్తు కుడి చెవికి, నీలం ఎడమకి.

– చెవిలో పెట్టే కొనమీద గుబిలి ఉందేమో చూడండి, ఉంటే కొనని కిందికి వంచి పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లు వద్దు.

– బ్యాటరీ కొత్తది వేస్తుంటే స్టిక్కర్ పీకగానే మూత వేసేయకండి. ఇవి గాలి తగిలితే పనిచేసే జింక్ బ్యాటరీలు, రెండు మూడు నిమిషాలు ఆగితే బాగా అందుకుంటాయి, పీకిన స్టిక్కర్ మళ్లీ అంటించినా లాభం లేదు. స్పేర్‌వి అట్టతోనే పెట్టుకోండి (312 సైజు బ్యాటరీకి బ్రౌన్ స్టిక్కర్, 13 సైజుకి ఆరెంజ్), జేబులో చిల్లరతో కలపొద్దు. పాతవి పిల్లల చేతికి అందనివ్వొద్దు, మింగితే ప్రాణం మీదకొస్తుంది.

– కుర్చీ స్పీకర్లకి దూరంగా, గోడ వారగా. గట్టిమేళం మొదలవకముందే మిషన్ వాల్యూమ్ తగ్గించుకోమని నాన్నగారికి చెప్పండి.