మతిమరుపు అనుకున్నాను, లోపం నిద్రలో ఉంది

ఇరవై ఏళ్లుగా చెబుతున్న లెక్కల సూత్రం, క్లాసు మధ్యలో గుర్తురాలేదు. చాలా భయపడ్డాను. బి12, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. "గురక మధ్యలో మీకు ఊపిరి ఆగిపోతోందండీ" అని మా ఆవిడ చెప్పాకే స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరిని, ఆక్సిజన్‌ను గమనించే పరీక్ష) చేయించుకున్నాను. గంటకు 38 సార్లు! నిద్రలో ఇలా ఊపిరి ఆగిపోవడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు; గంటకు 30 దాటితే తీవ్రమైనదే. ఆగినప్పుడల్లా ఆక్సిజన్ తగ్గి, మెదడు ఉలిక్కిపడుతుంది. జ్ఞాపకాలను పదిలపరిచే నిద్ర ముక్కలవుతుంది.

చికిత్సగా సీప్యాప్ ఇచ్చారు, అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం. ఆ మాస్క్ మొదట్లో రెండు గంటలకే తీసేసేవాణ్ని, ముక్కు ఎండిపోయేది. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టించుకున్నాను. సాయంత్రం టీవీ చూస్తూ అరగంట మాస్క్ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. అసలు పనిచేసింది ఇదే.

పగటి మత్తు వారంలో పోయింది. జ్ఞాపకశక్తికి మూడు నెలలు పట్టింది. అందరికీ పూర్తిగా తిరిగి రాదని డాక్టరు గారు ముందే చెప్పారు. నాకూ పేర్లు ఒక్కోసారి తడబడతాయి. సూత్రాలు మాత్రం తడుముకోకుండా చెబుతున్నాను.