పెరట్లో సమ్మర్ స్క్వాష్ – 2వ పాఠం: ఏ రకం వెయ్యాలి, కాయ ఎప్పుడు కొయ్యాలి

మొదటి పాఠంలో గుంతలు తీసి గెత్తం కలిపి ఉంచాం. ఇక సమ్మర్ స్క్వాష్ విత్తనం కొనాలి. ఇది గుమ్మడికి చుట్టమే, కాయని లేతగా ఉండగానే కోసి వండుకుంటాం. పేరులో సమ్మర్ ఉంది కదా అని వేసవి దాకా ఆగకండి. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం లాంటి మన పల్లపు ఊళ్లలో ఇది చలికాలపు పంటే. ఎండలు ముదిరితే మగపువ్వులే ఎక్కువై కాపు తగ్గిపోతుంది.

మన గుమ్మడి, అదే ఒడియావాళ్ల కఖారు, తీగ సాగి ఇంటి కప్పెక్కుతుంది. సమ్మర్ స్క్వాష్ మాత్రం చాలావరకు పొదలాగే పెరుగుతుంది. మొక్కకీ మొక్కకీ మూడడుగులు వదిలితే చాలు.

తొలిసారి వేసేవాళ్లకి నా ఓటు కీరదోసలా పొడుగ్గా కాసే పచ్చ జుకినీకే. భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన పూసా అలంకార్ హైబ్రిడ్ దొరికితే మరీ మంచిది. ముదురాకుపచ్చ కాయ మీద లేత చారలుంటాయి, 45–50 రోజుల్లో కోతకొస్తుంది. పసుపు జుకినీకి ఇంకో సుఖం ఉంది: ఆకుల చాటున దాక్కున్నా కాయ కంటపడుతుంది. మెడ వంకర తిరిగిన పసుపు రకం క్రూక్‌నెక్. చూడ్డానికి బాగుంటుంది, కానీ ముదిరితే తోలు బొడిపెలు కడుతుంది. అంచులు తీర్చిన బిళ్లలా ఉండేది ప్యాటీపాన్. దాని కండ గట్టి, డాల్మాలో (ఒడియావాళ్ల కూరగాయల పప్పులో) వేసినా ముక్క చెదరదు. జుకినీ అలా కాదు, నీరు వదులుతుంది. ఆవపెట్టి కూర చేస్తే చుక్క నీళ్లు పొయ్యక్కర్లేదు.

ఈ రకాలన్నీ ఒకే జాతి. పక్కపక్కన వేస్తే పుప్పొడి కలుస్తుంది. ఈ ఏటి కాయకి ఏమీ కాదు గానీ, విత్తనం దాచుకుంటే వచ్చే ఏడు ఏం కాస్తుందో చెప్పలేం. హైబ్రిడ్ విత్తనమైతే అసలు దాచొద్దు.

జుకినీ ఆకుల మీద, నరాల మధ్య వెండి మచ్చలు కనిపిస్తే టెన్షన్ పడి మందు కొట్టకండి. చాలా రకాలకి అది పుట్టుకతో వచ్చిన రంగే. వేలితో రుద్దితే ఊడొచ్చే తెల్లపొడి మాత్రం బూడిద తెగులు.

కోత దగ్గరే చాలామంది ఆశకి పోతారు. జుకినీని 15–20 సెంటీమీటర్లు కాగానే, ప్యాటీపాన్‌ని అరచేతిలో ఇమిడేటప్పుడే కోసెయ్యాలి. గోరు గుచ్చితే తోలులోకి సులువుగా దిగాలి. ఒక్క కాయని ముదరనిచ్చినా మొక్క బలమంతా దాని గింజలకే పోయి, కొత్త పిందెలు తగ్గిపోతాయి. కత్తితో, కాస్త తొడిమ ఉంచి కొయ్యండి. వండేముందు చిన్న ముక్క నాలికకి తాకించండి. చేదనిపిస్తే ఉమ్మేసి కాయ పారెయ్యండి. ఆ చేదు విషం, ఉడికించినా పోదు.

అభ్యాసం: మొక్క పూతకొచ్చాక పొద్దున్నే వెళ్లి, పువ్వు కింద బుల్లి పిందె ఉన్నవెన్నో (ఆడపువ్వులు), వట్టి కాడ ఉన్నవెన్నో (మగపువ్వులు) రాసిపెట్టుకోండి. 3వ పాఠంలో చేత్తో పుప్పొడి అద్దడానికి ఆ లెక్క కావాలి.