లారీ బ్యాటరీ చెడినప్పుడు: వారంటీకి వెళ్లే ముందు చూసుకోవలసినవి, వెళ్లాక పట్టుబట్టవలసినవి

లారీ సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ పోయిందనుకోవడం, వారంటీ ఉంది గనక డీలరు దగ్గర పడేసి కొత్తది తెచ్చుకుంటే సరిపోతుందనుకోవడం లారీ యజమానులలో చాలామందికి అలవాటు. ఈ రెండు పనుల మధ్యా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. బ్యాటరీ తనలోని లోపం వల్ల చెడిందా, లేక లారీయే దాన్ని చెడగొట్టిందా? దీనికి జవాబు తెలుసుకోకుండా వెళితే డీలరు దగ్గర మాట నిలవదు; ఒకవేళ నిలిచి కొత్త బ్యాటరీ వచ్చినా అది కూడా పాతదాని దారే పడుతుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి. మా పది టైర్ల లారీ ఒక రాత్రి గుంటూరు మిర్చి యార్డు దగ్గర లోడు ఎక్కించుకుని బయలుదేరబోతే, సెల్ఫ్ ఒక్కసారి ‘టిక్’మని ఆగిపోయింది. మర్నాడు డీలరు పరీక్షించి, రెండు బ్యాటరీలలో ఒకటి చెడిందని తేల్చి, వారంటీ కింద మార్చి ఇచ్చాడు. ఐదో నెలలో సరిగ్గా అదే స్థానంలో ఉన్న ఆ కొత్త బ్యాటరీయే మళ్ళీ చేతులెత్తేసింది. ఈసారి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దవయసు ఎలక్ట్రీషియన్ బ్యాటరీ పెట్టె మూత తీసి, మీటరు పట్టుకోకముందే, రెండు బ్యాటరీలను కలిపే లింకు కేబుల్ దగ్గర టేపు చుట్టి ఉన్న సన్నని ఎర్ర వైరును వేలితో పైకి లేపి చూపించాడు. ఆ వైరు ఛాసిస్ వెంట క్యాబిన్‌లోకి పాకి, డ్రైవరు తల పైనున్న చిన్న ఫ్యానుకూ పాటల డెక్కుకూ చేరింది.

లారీకి కావలసినది 24 వోల్టులు; దానికోసం రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలుపుతారు. ఫ్యాను, డెక్కు వంటివి తరచుగా 12 వోల్టులవే కాబట్టి వాటిని లింకు దగ్గర నుంచి తగిలించడం సులువుగా కనిపిస్తుంది. కానీ అప్పుడు ఎర్తు వైపున్న, అంటే నెగెటివ్ ఛాసిస్‌కు కలిసిన ఒక్క బ్యాటరీయే ఆ భారమంతా మోస్తుంది. డైనమో మాత్రం రెండింటినీ ఒకటిగా చూసి మొత్తం 28 వోల్టులు సరిపోయాయా లేదా అన్నదే లెక్కపెడుతుంది. ఫలితంగా ఎర్తు వైపు బ్యాటరీ ఎప్పుడూ అరకొర ఛార్జింగుతో ఉండి ప్లేట్లపై సల్ఫేటు పేరుకుని గట్టిపడుతుంది. రెండోది అతిగా ఛార్జయి నీరు ఇగిరిపోతుంది. మన లారీలలో జంట బ్యాటరీలను ముందుగా దెబ్బతీసే కారణాలలో దీన్ని నేను మొదట చేరుస్తాను.

కాబట్టి పరీక్ష ఇక్కడి నుంచే మొదలు కావాలి. బండి ఆపిన తరువాత కనీసం కొన్ని గంటలు కదల్చకుండా ఉంచి, మల్టీమీటరుతో ఒక్కొక్క బ్యాటరీని విడిగా కొలవాలి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే పూర్తి ఛార్జింగు ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే దాదాపు సగం. 12 కన్నా తగ్గితే ఖాళీ అవుతున్నట్టు. పూర్తిగా ఛార్జింగు పెట్టి కాసేపు వదిలేసినా 10.5 దగ్గరే ఆగిపోతే, ఆరు సెల్లులలో ఒకటి చచ్చిపోయిందని అర్థం, ఎందుకంటే ఒక్కో సెల్లు ఇచ్చేది సుమారు 2.1 వోల్టులు. తరువాత ఇంజను స్టార్ట్ చేసి, కొంచెం రేసు ఇచ్చి పట్టుకుని మళ్ళీ కొలవాలి. రెండింటి మొత్తం ఇంచుమించు 27.6 నుంచి 28.8 లోపు ఉండాలి. 27 దాటకపోతే డైనమోనో, బెల్టునో, వైరింగునో చూడాలి. 29 దాటితే ఛార్జింగు వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయి నీటిని ఉడికిస్తోందని అనుమానించాలి. మొత్తం సరిగ్గా ఉందని ఊరుకోవద్దు. మా బండిలో మొత్తం 28 వోల్టులే చూపించింది; విడిగా చూస్తే ఎర్తు వైపుది 13.1, రెండోది 14.9. ఆ తేడా చూశాక ఎర్ర వైరు గురించి వాదించడానికి డ్రైవరుకు కూడా ఏమీ మిగలలేదు.

మూతలు తీయడానికి వీలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఆరు సెల్లుల గ్రావిటీ, అంటే లోపలి యాసిడ్ సాంద్రత కూడా చూసి రాసుకోవాలి. పూర్తి ఛార్జింగులో ఎంత ఉండాలన్నది కంపెనీని బట్టి 1.240, 1.280 మధ్య మారుతుంది కానీ, ఆ అంకె కన్నా ముఖ్యమైనది సెల్లుల మధ్య తేడా. ఐదు సెల్లులు 1.250 చూపిస్తుంటే ఒకటి 1.150 దగ్గర నిలిచిపోతే అది తయారీ లోపానికి బలమైన సూచన, వారంటీకి అనుకూలమైన సాక్ష్యం. ఆరూ సమానంగా 1.150 దగ్గర ఉంటే బ్యాటరీకి కావలసింది ఛార్జింగే. నీరు తగ్గితే ప్లేట్లు మునిగేంత వరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ‘కొంచెం యాసిడ్ పోస్తే పుంజుకుంటుంది’ అన్న సలహాను ఎవరిచ్చినా వినవద్దు. దానివల్ల గ్రావిటీ అంకె పైకి కనిపిస్తుందే తప్ప సెల్లు బాగుపడదు, పైగా వారంటీ పోతుంది. కుళాయి నీరు పోసినా అంతే.

నిలిపి ఉంచినప్పుడే బ్యాటరీ దిగిపోతుంటే ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. ఒక్క ఆంపియర్ కారినా రోజుకు 24 ఆంపియర్ అవర్లు పోతాయి. 100 ఆంపియర్ అవర్ల జంట నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది. పోర్టు దగ్గరో, మిల్లు దగ్గరో లైనులో వారం రోజులు ఆగే బండ్లకు బ్యాటరీ కట్‌ఆఫ్ స్విచ్ తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇక టెర్మినల్ బిగువుగా ఉందా, దాని మీద తెల్లటి పొడి పేరుకుందా అన్నది అందరూ చూసేదే గనక దాని గురించి ఎక్కువ చెప్పను. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ పోస్టుకూ (పైకి పొడుచుకొచ్చిన టెర్మినల్ మొన) దానికి బిగించిన కేబుల్ క్లాంపుకూ మధ్య అర వోల్టు దాకా తేడా చూపిస్తే, లోపం బ్యాటరీలో కాక క్లాంపులో ఉందని గుర్తించాలి.

బ్యాటరీ విప్పేటప్పుడు ఛాసిస్‌కు కలిసిన నెగెటివ్ ఎర్తును ముందు తీయాలి, తిరిగి బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ఛార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి మండే స్వభావం గల హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. బాడీ వెల్డింగు పనికి లారీని అప్పగించే ముందు బ్యాటరీ కనెక్షన్లు తీయించాలి. యాసిడ్ ఒంటి మీద పడితే ఎక్కువ నీటితో చాలాసేపు కడగాలి, కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక వారంటీ సంగతి. డీలరు దగ్గరకు వెళ్లేటప్పుడు జీఎస్టీ బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు, లారీ రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర ఉంచుకోవాలి. బ్యాటరీ మీది సీరియల్ నంబరు ఈ రెండు కాగితాల మీద ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఆరు నెలల గ్రీజు, దుమ్ము పట్టాక ఆ నంబరు చదవడం కష్టం కాబట్టి, కొన్న రోజునే ఫోటో తీసి దాచుకోవడం తెలివైన పని. కొత్త లారీతో పాటు వచ్చిన బ్యాటరీకి సాధారణంగా బ్యాటరీ కంపెనీయే వారంటీ ఇస్తుంది. దాని కాగితం సర్వీసు బుక్కు మధ్యలో ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండానే పారేస్తారు.

డీలరు వోల్టేజీ, గ్రావిటీ చూసి, ఛార్జింగు పెట్టి, ఆ తరువాతే లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి వోల్టేజీ ఎంత పడిపోతుందో చూసే పరీక్ష) చేయాలి. దిగిపోయిన బ్యాటరీకి ఛార్జింగు పెట్టకుండా చేసిన పరీక్ష అటు మీకూ ఇటు కంపెనీకీ పనికిరాదు గనక, ఒకటి రెండు రోజులు పడుతుందంటే కోపగించుకోవలసిన పని లేదు. అన్ని రోజులు బండి ఆపలేమంటే వాడుకకు తాత్కాలిక బ్యాటరీ ఇవ్వమని అడగాలి. వదిలి వచ్చేటప్పుడు మాత్రం సీరియల్ నంబరు, తేదీ, ఫిర్యాదు రాసిన రసీదు లేకుండా రాకూడదు. తిరస్కరిస్తే కారణాన్ని, కొలిచిన అంకెలను కాగితం మీద ఇవ్వమని పట్టుబట్టాలి. ‘బండిలో లోపం ఉంది’ అని నోటితో చెప్పడం సులువు. అదే రాతపూర్వకంగా ఇమ్మంటే చాలాసార్లు రెండోసారి పరీక్షిస్తారు. పగిలిన పెట్టె, కరిగిన టెర్మినల్, చెరిపేసిన నంబరు, లారీ బ్యాటరీని ఇంట్లో ఇన్వర్టరుకు వాడిన ఆనవాళ్లు ఉంటే మాత్రం వాదించి ప్రయోజనం లేదు.

వారంటీలో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి. మొదటి కాలంలో పూర్తిగా ఉచితంగా మారుస్తారు, తరువాతి కాలంలో ప్రో-రేటా పద్ధతిలో గరిష్ఠ చిల్లర ధర మీద కొంత శాతం తగ్గించి ఇస్తారు. ఉచితంగా మార్చిన బ్యాటరీకి వారంటీ కొత్తగా మొదలు కాదు, పాతదానికి మిగిలిన కాలమే వర్తిస్తుంది. ప్రో-రేటా అనగానే లాభమనుకోకుండా లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు ముద్రించిన ధర 15,000 రూపాయలు, తగ్గింపు 30 శాతం అనుకుంటే మీరు కట్టేది 10,500, పాత బ్యాటరీ కంపెనీకి పోతుంది. అదే బ్యాటరీ బయట 12,500కు దొరికి, పాతదానికి 3,000 ఇస్తే మీ చేతి నుంచి పోయేది 9,500 మాత్రమే, దాని మీద పూర్తి వారంటీ కూడా ఉంటుంది. ప్రో-రేటాలో ఇచ్చేదానికి ఎంత వారంటీ అన్నది కూడా డబ్బు కట్టక ముందే అడగాలి.

న్యాయమైన క్లెయిమును డీలరూ, కంపెనీ కస్టమర్ కేర్ కూడా పట్టించుకోకపోతే 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడా తెగకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, కారణం తలెత్తిన రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఇక్కడ లారీ వాళ్లు గమనించవలసిన చిక్కు ఒకటుంది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని ఈ చట్టం వినియోగదారులుగా చూడదు, అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికి మినహాయింపు ఇస్తుంది. సొంత లారీని తానే నడుపుకునే వ్యక్తి ఈ మాటను ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. ఇరవై బండ్లు తిప్పే యజమానికి ఈ దారి కష్టమే.

కొత్త బ్యాటరీ చేతికొచ్చాక నేరుగా తగిలించకూడదు. కంపెనీ చెడినదాన్ని ఒక్కదాన్నే మారుస్తుంది కాబట్టి, కొత్తదాన్నీ పాతదాన్నీ విడివిడిగా ఛార్జరు మీద పూర్తిగా నింపిన తరువాతే వరుసగా కలపాలి. లింకు దగ్గర తగిలించిన వైర్లన్నీ తీసేసి, ఫ్యానుకూ డెక్కుకూ 24 నుంచి 12 వోల్టులకు తగ్గించే కన్వర్టరు పెట్టించాలి. ఇంజను నడుస్తుండగా రెండు బ్యాటరీల వోల్టేజీలను వారంటీ కార్డు వెనుక తేదీతో రాసి, నెల తరువాత మళ్ళీ కొలవాలి. తేడా అర వోల్టు దాటితే మళ్ళీ ఎవరో ఎక్కడో వైరు తగిలించారని వెతకాలి. మా బండిలో మూడో నెలలో అలాగే దొరికింది. ఈసారి అది క్లీనరు ఫోను ఛార్జరు.