చలి పొద్దున కారు అద్దానికి ఆవిరి: నా అనుభవం
బెంగళూరులో డిసెంబరు వచ్చిందంటే పొద్దున ఆరింటికి పిల్లలను ఎక్కించుకోగానే మా ఎలక్ట్రిక్ కారు ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసి, రోడ్డు కనిపించక చాలా టెన్షన్ పడేదాన్ని. హీటర్ గట్టిగా పెడితే ఛార్జింగ్ తగ్గేది, పెట్రోలు కారులోలా ఇంజిన్ వేడి ఉండదు కదా, అదంతా బ్యాటరీ నుంచే రావాలి. దుమ్ముకు భయపడి రీసర్క్యులేషన్ (బయటి గాలి రానివ్వకుండా లోపలి గాలినే తిప్పే బటన్) ఎప్పుడూ ఆన్‌లో ఉంచేదాన్ని, అదే తప్పు: మా ఊపిరిలోని తేమ లోపలే తిరిగేది. ఇప్పుడు బయటి గాలి రానిచ్చి, ఏసీ కూడా వేసి (చలిలో ఏసీ ఏంటన్నారు మావారు, కానీ తేమను లాగేసేది అదే) గాలిని అద్దం మీదకు తిప్పుతున్నా. బయలుదేరే పది నిమిషాల ముందు, ఛార్జర్‌కు తగిలించి ఉండగానే, యాప్‌లో క్లైమేట్ (కారు లోపలి హీటర్, ఏసీ) ఆన్ చేస్తా, అప్పుడు కరెంటు ఎక్కువగా ఇంటి నుంచే తీసుకుంటుంది. అద్దం లోపలి జిడ్డు కూడా తుడుచుకోండి.